ముప్ఫై ఒకటో నంబరు సీసా

పొద్దున్న ఏడున్నరకి త్సాయ్ బీలువాన్ హైస్కూలు రసాయనశాల తలుపు తీస్తుంది. కిటికీలు తెరిచి, పంపులు తిప్పి చూసి, స్ఫటికాలు ఎంత వేడికి కరుగుతాయో చూపించే యంత్రం మీద పచ్చరంగు చిరుతిండి పొట్లం సరిచేసి పెడుతుంది. పచ్చ పొట్లం పైన ఉంటే ఏ యంత్రమైనా మొరాయించదని చియాయీ ఊళ్ళో పిల్లల దగ్గర్నుంచి ఇంజనీర్ల దాకా అందరి నమ్మకం. గడువు తేదీ మాత్రం చూసుకోవాలి. పాతబడిన పొట్లం పెట్టి, పైగా యంత్రాన్ని తిట్టేవాళ్ళని చూస్తే బీలువాన్‌కి ఒళ్ళుమంట.

ఆ బడి పిల్లలు ఏటా ఆస్పిరిన్ చేయాల్సిందే. సాలిసిలిక్ ఆమ్లం పొడిలో ముక్కు అదిరిపోయే ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ పోసి, నాలుగు చుక్కల ఫాస్ఫారిక్ ఆమ్లం వేసి, వేడినీళ్ళ గిన్నెలో పావుగంట ఉంచుతారు. తర్వాత మంచులో పెడతారు. మధ్యాహ్నం తిండయ్యాక బడంతా బల్లల మీద తలవాల్చి కునుకు తీసే అరగంటలో స్ఫటికాలు వాటంతటవే కట్టుకుంటాయి. లేచాక పరీక్ష. చిటికెడు మందు గాజుగొట్టంలో కరిగించి ఫెర్రిక్ క్లోరైడ్ ఒక్క చుక్క వేస్తారు. పసుపుగానే ఉంటే మందు అయినట్టు. ఊదారంగు తిరిగిందా, లోపల మారని పొడి ఇంకా మిగిలి ఉన్నట్టు.

ఆ బడి ఫెర్రిక్ క్లోరైడ్ మందులో మిగిలినదాన్నే కాదు, గొట్టం పట్టుకున్న మనిషిలో మిగిలిపోయినదాన్ని కూడా చూపిస్తుంది. ఇంటిపని ఎగ్గొట్టిన పిల్లకి లేత ఊదా. స్నేహితురాలితో మాటలు మానేసినదానికి కొంచెం ముదురు. కొత్త సీసా తెప్పించినా వారం తిరక్కుండా అదే వరస. పిల్లలు వెళ్ళి ఆ మిగిలిన పనేదో ముగించుకొచ్చి మళ్ళీ చుక్క వేసుకుంటారు, అంతే.

బీలువాన్ పట్టుకుంటే మాత్రం నేరేడుపండు రంగే. ముప్ఫై రెండేళ్ళుగా మారలేదు.

"పిన్నీ, నా గొట్టం ముట్టుకోకు, నీకు పుణ్యముంటుంది," అంటుంది పేయ్‌రోంగ్. క్లాసులో అదో గడుగ్గాయి. "నువ్వు కడగబోతేనే ఊదా తిరిగింది."

"నా మీదకి తోయకు. వేడినీళ్ళలో ఎన్ని నిమిషాలు ఉంచావ్?"

"పన్నెండు."

"గోడ మీద పదిహేనని రాసుంది. చదువు రాదా నీకు?"

ఆ మాట అనేసి బీలువాన్ తనలో తనే నవ్వుకుంది. పదిహేడేళ్ళ వయసులో తను ఇదే బల్ల దగ్గర ఇదే మందు చేస్తూ నిలబడింది. అప్పుడు తన హాజరు నంబరు ముప్ఫై ఒకటి. ఫ్లాస్కు వేడినీళ్ళలో పెట్టి తొమ్మిది నిమిషాలైందో లేదో, నాన్న పొలంలో కుప్పకూలాడని కబురొచ్చింది. సంచీ పట్టుకుని పరిగెత్తింది. ఏడాది తర్వాత మళ్ళీ వచ్చింది గానీ, సీసాలు కడగడానికి.

మూడేళ్ళ కిందట బడిలో ఒక నియమం పెట్టారు. ఈ ఆగస్టులోగా హైస్కూలు పట్టా తెచ్చుకోనివాళ్ళు రసాయనశాలలో ఉండకూడదు, మెట్లు ఊడ్చుకోవాలి. బీలువాన్ ఆ రోజే, పెద్దవాళ్ళకి సాయంత్రం పూట నడిచే బడిలో చేరింది. అన్నీ పాసైంది. ఇప్పుడు ప్రయోగ పరీక్ష ఒక్కటే మిగిలింది. చేయాల్సింది ఆస్పిరినే. ఊదా తిరిగితే తప్పినట్టే.

"ఇదేం చిక్కు పిన్నీ," అన్నాడు రసాయనశాస్త్రం చెప్పే కువో మాస్టారు. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు గాజుగొట్టాలు పగలకుండా పట్టుకోవడం నేర్పింది ఆవిడే. "పసుపు వస్తే గానీ చదువు పూర్తవదు, చదువు పూర్తయితే గానీ పసుపు రాదు. చుక్క నన్ను వేయనివ్వు."

"వంట నాదీ, ఉప్పు చూసేది మీరా? వద్దు మాస్టారూ. నా మందుకి నా చుక్కే."

"తప్పితే?"

"తప్పను. ముప్ఫై రెండేళ్ళు పిల్లల తప్పులు కడిగాను. ఏ తప్పు ఎలా ఉంటుందో నా చేతులకి తెలుసు."

శనివారం వేరే బడి నుంచి షియే మేడం పరీక్ష పెట్టడానికి వచ్చింది. మాట పొదుపు మనిషి. బీలువాన్ పొట్లం మీద తేదీ చూసుకుని పని మొదలుపెట్టింది. తొమ్మిదో నిమిషం దగ్గర గడియారం వైపు చూసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పదిహేను నిండాక ఫ్లాస్కు తీసి మంచులో పెట్టింది. తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు దిగాయి. వడకట్టి, కడిగి, ఆరబెట్టి యంత్రంలో పెడితే సరిగ్గా నూట ముప్ఫై ఐదు డిగ్రీల దగ్గర కరిగాయి. నిఖార్సైన మందు. సీసాలో పోసి, చీటీ రాసి అతికించి, చిటికెడు కరిగించి చుక్క వేసింది.

నేరేడుపండు రంగు.

బీలువాన్ గొట్టాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది.

"ఇంకొక్క అవకాశం ఉంది," అంది షియే మేడం. "మళ్ళీ కరిగించి శుభ్రం చేస్తారా?"

"మందులో ఏం మిగల్లేదు మేడం. యంత్రం చెప్పింది కదా."

షియే మేడం సీసా అందుకుని చీటీ పైకే చదివింది. "'ఆస్పిరిన్. రసాయనశాల, రెండో అంతస్తు.' ఎవరు చేశారిది?"

"నేనే."

"ఇందులో లేదే. రాయండి మరి."

బీలువాన్ చీటీ వైపు చూసి సిగ్గుపడింది. ఆ గదిలో వేల సీసాల మీద ఆవిడ అదే రాసింది. పిల్లలు మాత్రం ప్రతి సీసా మీదా పేరూ, హాజరు నంబరూ రాస్తారు. ఇవాళ తనూ పిల్లల్లో ఒకతె అన్న సంగతి ఆ చేతికి గుర్తే లేదు. కొత్త చీటీ తీసింది. 'త్సాయ్ బీలువాన్, ముప్ఫై ఒకటి' అని మెల్లగా రాసింది.

"ఈ పరీక్షలో మీ నంబరు ఏడు."

"ఇది ఆ రోజుది మేడం."

బీలువాన్ రెండో గొట్టంలో ఇంకో చిటికెడు కరిగించి చుక్క వేసింది. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది.

"పసుపు," అని రాసుకుంది షియే మేడం.

బీలువాన్ నిలబడే ఏడ్చింది. తర్వాత, కడగని గొట్టాలు వదిలేసి వెళ్ళడం చేతకాక, అన్నీ కడిగి బోర్లించి వెళ్ళింది.

సెప్టెంబరులో బడి తెరిచారు. పట్టా వచ్చింది కాబట్టి ఇక బీలువాన్‌ని టీచర్ అనే పిలవాలని కువో మాస్టారు పిల్లలకి చెప్పాడు.

"పిన్నీ..." అనబోయి పేయ్‌రోంగ్ నాలుక్కరుచుకుంది. "త్సాయ్ టీచర్, నాకు మళ్ళీ ఊదా తిరిగింది. ఈసారి మీరు దగ్గర్లో కూడా లేరు."

"ఎన్ని నిమిషాలు?"

"పదిహేను. ఒట్టు."

త్సాయ్ టీచర్ సీసా ఎత్తి చీటీ చూసింది. పేయ్‌రోంగ్ పేరొక్కటే ఉంది.

"తూకం వేసిందెవరు? వడకట్టిందెవరు?"

పేయ్‌రోంగ్ పక్క బల్ల వైపు ఓరగా చూసింది. అక్కడ షూజెన్ అనే నెమ్మది పిల్ల తలొంచుకుని గరాటు కడుగుతోంది.

"షూజెన్," అంది పేయ్‌రోంగ్.

"రాయి మరి."