గజం దూరంలో విసిరిన బంతి

మిలన్ యురిక్ పేరు కమిటీ ముందుకు రావడం అది మూడోసారి. ఈసారీ నెగ్గకపోతే ఆ పేరు కొట్టేస్తారు, మళ్ళీ ఎవరూ ప్రతిపాదించడానికి లేదు. అందుకని ఆండీ హుడాక్ ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఫైర్ స్టేషన్ మేడ మీదికి వచ్చాడు. కోటు జేబులో ఒక కాగితం ఉంది. భార్య టైపు చేసి ఇచ్చింది.

కౌంటీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అంటే ఆ మేడ గదీ, గోడకున్న నలభై రెండు మేటి ఆటగాళ్ళ ఫోటోలూను. ఉక్కు మిల్లులు నడిచిన రోజుల్లో ప్రతి మిల్లుకీ ఒక జట్టు ఉండేది, బంతిని చేత్తో పట్టుకుని ఎదుటివాళ్ళ గీత దాటించే అమెరికన్ ఫుట్‌బాల్‌కి. వారమంతా కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళే ఆదివారం ఆడేవారు. హారోగేట్ మిల్లు జట్టులో బంతి ఎవరికివ్వాలో, ఎటు విసరాలో తేల్చే క్వార్టర్‌బ్యాక్ పదకొండేళ్ళ పాటు మిలనే. ఆ పదకొండేళ్ళూ అతని ముందు వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి అందించినవాడు ఆండీ.

బల్ల చుట్టూ కమిటీవాళ్ళు ఏడుగురు. ఐదుగురు చెయ్యెత్తాలి. అధ్యక్షురాలు టెరీసా బాలో ఒకప్పటి లెక్కల టీచరు. వంటింట్లో వాడే గంట గడియారాన్ని ఐదు నిమిషాలకు తిప్పి బల్ల మీద పెట్టింది.

ఆండీ చదవడం మొదలుపెట్టాడు. గెలిచిన ఆటలు డెబ్భై ఒకటి. ఓడినవి ఇరవై ఆరు.

"ఆ లెక్కలు మాకు నోటికొచ్చు" అన్నాడు ఆగీ ఫాంటానా. కమిటీలో ఒకడైన ఆగీది పక్క ఊరు వెల్కర్. ఆ రోజుల్లో ఆండీకి ఎదురుగా నిలబడి తలపడినవాడు. "పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి ఫైనల్ సంగతి చెప్పవేంరా?"

"ఆయన్ని పూర్తి చెయ్యనివ్వు, ఆగీ" అంది టెరీసా.

"ఎక్కడ పూర్తి చేస్తాడమ్మా? కిందటి రెండుసార్లూ సరిగ్గా అక్కడికొచ్చేసరికి వీడికి దగ్గొచ్చింది."

అందరూ నవ్వారు. ఆండీ నవ్వలేదు.

ఆ ఫైనల్ సంగతి తెలియనివాళ్ళు ఆ గదిలో లేరు. ఆఖరి నిమిషం, ఆఖరి ప్రయత్నం. గీత గజం దూరంలో ఉంది. మిలన్ బంతి చంకలో పెట్టుకుని ఆండీ వీపు వెనక దూకితే చాలు, గెలిచేవారు. కానీ అతను విసిరాడు. వెల్కర్ వాడు పట్టుకున్నాడు, హారోగేట్ ఓడిపోయింది. తర్వాత మిల్లు మూతపడేదాకా గేటు దగ్గర అతనికి ఆ మాట తప్పలేదు. 'ఏం మిలన్, అన్నం డబ్బా కూడా వెల్కర్ వాడికే విసిరేశావా?'

ఆండీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏ ఎత్తు వెయ్యాలో అప్పుడు కోచ్ చెప్పేవాడు కాదు. అంతా మిలనే. అందరం తలలు దగ్గర పెట్టుకుని మూగేవాళ్ళం. చలికి మా ఊపిరి ఒకరి మొహం మీద ఒకరికి తగిలేది. అప్పుడడిగేవాడు, 'మీ ఎదుటివాణ్ణి ఎవరు కదపగలరు?' అని. కదుపుతానన్నవాడి వెనకే ఆట నడిపేవాడు. ఫోర్‌మన్ మమ్మల్ని ఏనాడూ ఏమీ అడగలేదు. మా నాన్న కూడా అడగలేదు. అడిగినవాడు వాడొక్కడే."

ఆండీ ఆగీ వైపు తిరిగాడు.

"ఆ రోజు నన్నడిగాడు. 'ఆండీ, ఆగీని కదుపుతావా?' అని. నా వల్ల కాదన్నాను."



"దెబ్బ తగిలిందా?" అంది టెరీసా.

"లేదమ్మా. భయమేసింది. ఆట మొదలైనప్పటి నుంచీ ఈ ఆగీ నన్ను తొక్కుతూనే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మిలన్ నా పక్కన కూర్చుని, 'ఇది మన మధ్యే ఉండనీ' అన్నాడు. నేను ఉండనిచ్చాను. నలభై ఎనిమిదేళ్ళు."

గడియారం మోగింది. టెరీసా దాని నోరు నొక్కింది.

"ఒరే హుడాక్" అన్నాడు ఆగీ. "సగం ఆట అయ్యేసరికే నా చీలమండ పోయిందిరా. ఒంటికాలి మీద నిలబడ్డాను. మా అమ్మమ్మ తోసినా పడేవాణ్ణి."

"మరి చెప్పలేదేం?"

"నీకెందుకు చెప్తానురా, అవతలి జట్టువాడివి!"

ఈసారి ఆండీ కూడా నవ్వాడు. కమిటీలో అందరికన్నా చిన్నవాడు కార్ల్ మాత్రం నవ్వలేదు. అతనికి యాభై దాటాయి. "అయితే తప్పుడు మాట విని ఓడించాడన్నమాట. అది ఇంకా అధ్వాన్నం కదండీ?"

"పదకొండేళ్ళు మా మాట విన్నాడు బాబూ. మా మాట విని డెబ్భై ఒక్కసార్లు గెలిపించాడు. ఒక్కసారి నేను తప్పు చెప్పాను. మీరు నన్ను వదిలేసి వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టారు."

టెరీసా ఓటుకు పెట్టింది. నాలుగు చేతులు లేచాయి. కార్ల్ గోడ మీద ఫోటోల వైపు చూశాడు. తర్వాత అతని చెయ్యి లేచింది.

ఆగీ చేతులు కట్టుకునే ఉన్నాడు. "నేనెత్తను. కళ్ళున్నవాడైతే నా కాలు చూసుకోవాలి. చూడకుండా నీ మాట నమ్మినవాడికి నా ఓటు లేదు."

ఆ కబురు ఫోనులో చెప్పవలసింది ఆండీయే. మెట్ల మధ్యలో కూర్చుని చేశాడు. మిలన్ మొదటి గంటకే ఎత్తాడు.

"నా ఫోటో పెట్టారా?"

"పెట్టారు. ఐదుగురు." ఆండీ గొంతు సవరించుకున్నాడు. "ఆ సంగతి చెప్పేశాను, మిలన్."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది. "మన మధ్యే అన్నాను కదరా."

"అన్నావు."

"ఆగీ ఏమన్నాడు?"

"అప్పటికే చీలమండ పోయిందట. నువ్వు చూసుకోవలసిందట."

"చూశాను. కుంటుతూనే ఉన్నాడు."

"మరి నా వెనకే దూకలేదేం?"

"నువ్వు కాదన్నావు కదరా. అడిగి, కాదన్నాక కూడా నీ మీదికే తోస్తే, ఆ తర్వాత మీలో ఎవడు నాకు నిజం చెప్తాడు?"

ఆండీ ఫోను పెట్టేసి మెట్లు ఎక్కాడు. ఆగీ ఇంకా కోటు వేసుకోలేదు. అతని పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "మిలన్ నీ కాలు చూశాడురా" అన్నాడు.