కుడి చెవిలో తొందరమ్మ

పిండిమర నడిపే ఆయన్ని ఆ వీధిలో అందరూ మర మామయ్య అంటారు. కోపం వస్తే కట్టుకున్న భార్య కూడా అలాగే పిలుస్తుంది. ఆ మర మామయ్య మిట్టమధ్యాహ్నం మర ఆపేసి, తల నుంచి చెప్పుల దాకా తెల్లగా, వీధి చివరి ఎలక్ట్రానిక్స్ కొట్లోకి వచ్చి నిలబడ్డాడు. జేబులో అగ్గిపెట్టెంత మ్యూజిక్ ప్లేయరు, గుండెలో బండెడు దిగులు.

ప్లేయరు కూతురిది. బళ్లో ముప్పైమంది కలిసి పాడిన పాట అందులో ఎక్కించి, "రెండో వరసలో కుడివైపు చివర నేనే నాన్నా, విని చెప్పు" అని ఇచ్చింది. ఇంట్లో ఆ పిల్ల పేరు తొందరమ్మ. పిలవకముందే పలుకుతుంది, గడప దాటాక చెప్పుల కోసం వెనక్కి వస్తుంది. కూతురంటే చెవి కోసుకునే ఆ తండ్రి, వారం రోజులుగా మరలోనే భోజనం వేళ పాత హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ పాట వింటూనే ఉన్నాడు. ఎడమవైపు పిల్లలు గణగణమంటున్నారు. కుడివైపు పిల్లలు మాత్రం గోడ అవతల పాడుతున్నట్టున్నారు. ఆ గోడ అవతలే ఉంది తన తొందరమ్మ.

"విన్నావా?" అని అడిగితే, "బ్రహ్మాండం!" అని అబద్ధం చెప్పేశాడు. ఆ పిల్ల ఊరుకునే రకమా? "అయితే నా గొంతు ఎక్కడ వినబడిందో సాయంత్రం చెప్పాలి" అని పొద్దున్నే పట్టుబట్టింది.

అసలు భయం వేరే ఉంది. పదిహేనేళ్లుగా ఆయన కుడి చెవి మరవైపు, ఎడమ చెవి గిరాకీలవైపు. ఈ మరను ఇంతకుముందు నడిపిన పెద్దాయనకు మొదట సన్నటి గొంతులు వినబడడం మానేశాయి, తర్వాత లావువీ మానేశాయి. తప్పు హెడ్‌ఫోన్లదా, చెవిదా? వాటిని తిప్పి పెట్టుకుంటే చిటికెలో తేలిపోతుంది. తేలిపోతుందనే తిప్పలేదు. కొత్తవి కొంటే అన్నీ సర్దుకుంటాయని మనసును జోకొట్టుకుంటూ వచ్చాడు.

కొట్టావిడ చురుకైన మనిషి. మెత్తటి దిండ్లున్నవి, మడత పెట్టేవి, తలంతా పట్టేసేవి ఒకదాని తర్వాత ఒకటి తీసి ఇచ్చింది. ఆయన ఒక్కోటీ పెట్టుకుని, కళ్లు మూసుకుని విని, తల అడ్డంగా ఊపాడు. ఊపినప్పుడల్లా గాజుబల్ల మీద పిండి రాలింది. నాలుగోది తీసేసరికి ఆయన మొహంలో రంగు లేదు.

"అన్నిట్లోనూ కుడిపక్క చచ్చిపోతుందా తల్లీ?" అన్నాడు నీరసంగా. "అయితే పోయింది నా చెవే."

"అప్పుడే చెవిని పంపించేయకండి బాబాయ్. చెవిలోకి దూర్చుకునే ఇయర్‌బడ్స్ ఉన్నాయిగా, అవి చూద్దాం."

"అవి నాకు పడవమ్మా."

"పెట్టుకోకుండానే పడవంటే ఎలా?"

ఎడమది బుద్ధిగా వెళ్లి కూర్చుంది. కుడిది వెళ్లనంది. ఆవిడ రబ్బరు తొడుగు మార్చి చిన్నది వేసింది. అదీ వెళ్లలేదు. అన్నిటికన్నా చిన్నది వేసినా అంతే. ఆవిడ ఫోను లైటు వేసి, వంగి, చెవిలోకి చూసింది.

"బాబాయ్! ఇదేంటి, ఇంత దూది?"

మర మామయ్య చెయ్యి చెవి దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. మర చప్పుడు తగలకుండా పొద్దున్నే కుడి చెవిలో దూది కుక్కుకుంటాడు, సాయంత్రం స్నానానికి ముందు తీస్తాడు. ఎడమ చెవిలో పెట్టడు, గిరాకీల మాట వినబడాలి కదా. పదిహేనేళ్లలో ఆ దూది ఆయన ఒంట్లో భాగమైపోయింది. ప్లేయరు పట్టుకుని పాట విన్నదంతా మధ్యాహ్నాలే.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ పని!" అని ఆవిడ బల్ల పట్టుకుని నవ్వింది. ఆయనకూ నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూనే పిండి అంటిన ఆ ఉండను పీకి జేబులో వేసుకున్నాడు. చెవి ఉంది! నిక్షేపంలా ఉంది!

ఈసారి బడ్ తేలిగ్గా దిగింది. పాట మొదలైంది. గోడ కూలిపోయి కుడివైపు పిల్లలందరూ ఒక్కసారిగా మీదికి వచ్చారు. రెండో చరణం ముందు అందరూ ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి పూర్తికాకుండానే ఒక గొంతు ఒంటరిగా దూకేసింది. ఇంకెవరు? ఆయన కళ్లలో నీళ్లు తిరిగి బుగ్గల మీది పిండిలో చారలు కట్టాయి. సంతోషం పట్టలేక ఇంకో బడ్ తీసి ఆవిడకిచ్చాడు. "మా అమ్మాయమ్మా, విను!" అన్నాడు. అది ఎడమవైపుదని ఆయనకు తోచలేదు, ఆవిడా చెప్పలేదు.

సాయంత్రం తొందరమ్మ గుమ్మంలోనే కాపు కాసింది. "చెప్పు చూద్దాం, ఎక్కడ విన్నావు?"

"రెండో చరణం మొదట్లో. అందరినీ వెనక వదిలేసి నువ్వొక్కదానివే ముందొచ్చేశావు."

"అయ్యో, అది వినబడిపోయిందా! ఎవరికీ తెలీదన్నారు టీచరు."

"ఎవరికీ తెలీదులే. ఇది నాన్న చెవి."

మర్నాటి నుంచి దూది ఉండ సొరుగులో పడుంది. దాని చోట్లో కుడి చెవిలో ఇయర్‌బడ్ ఉంటుంది. రెండోది మెడ మీద వేలాడుతుంది, ఎడమ చెవి గిరాకీలది కదా. మర మామయ్య గోధుమలు పోస్తూ పోస్తూ ఉన్నట్టుండి నవ్వుతాడు. ఎందుకు నవ్వారని ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి వచ్చింది" అంటాడు. వాళ్లు వెనక్కి తిరిగి గుమ్మంవైపు చూస్తారు.