రెండో వరస నంబర్లు

జానకిరామయ్యలాంటి వాడికి పని చేసిపెట్టడమంటే, గోతిలో మనమే దిగి మన్ను మనమే కప్పుకోవడం. ఆ సంగతి సిలార్‌కి రెండువేల ఆరులో, మంచి మిర్చి సీజన్లో తెలిసొచ్చింది.

జానకిరామయ్య గుంటూరు యార్డు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. ఆ ఏడు వాళ్లు కంప్యూటర్లో వేలం మొదలెట్టబోయారు. పై రాష్ట్రాల వ్యాపారులు ఇంట్లో కూర్చుని పాడాలంటే వేలం మిషనుకి బయటివాళ్లకి కనపడే ఐపీ నంబరుండాలి. ఉన్న నంబర్లన్నీ అయిపోయాయి. ఇంటర్నెట్ లైను కంపెనీ రెండో వరస నంబర్లిచ్చింది. గేటు కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టె దాన్ని ఒప్పుకోవాలి. పాత పెట్టె ఆ బరువు మోయలేదు.

సిలార్ ఏడో తరగతిలో బడి మానేసి, కేబుల్ వైర్లు లాగుతూ ఈ విద్య పట్టినవాడు. జానకిరామయ్య పని అతనికి అప్పజెప్పాడు. కొత్త పెట్టె ముందు అతనే కొనాలి. సోమవారం పదింటి వేలానికి పనిచేస్తే దాని ఖరీదు జానకిరామయ్య ఇస్తాడు, మూడేళ్ల మెయింటెనెన్సు పనీ అతనికే. ఇంతవరకు నోటితో అనుకుని, ధర మాత్రం యార్డు పద్ధతిలో తువ్వాల కింద వేళ్లు నొక్కి తేల్చుకున్నారు. తువ్వాల తీశాక గుమస్తాకి బిగ్గరగా చెప్పి రాయించాలి. "ఇదేమన్నా మిర్చి టిక్కీ బస్తానా, రాయించడానికి?" అని సిలార్ నవ్వేశాడు. కనిగిరిలో తనకున్న పొలం షావుకారుకి తాకట్టు పెట్టి, ఉగాదిలోపు అప్పు తీర్చకపోతే పొలం షావుకారుదే అని రాసిచ్చి, పెట్టె తెచ్చాడు.

సోమవారం ఎనిమిదింటికి మేనేజరు మేనల్లుడు శ్రీరామ్ వచ్చి నిలబడ్డాడు. ఇంజనీరింగ్ చదివాడు.

"రెండో వరసకి రెండో వైరు కావాలి గదండీ?"

"లారీలు పెరిగితే ఇంకో గేటు కడతామా బాబూ? వాచ్‌మన్‌కి కొత్త నంబర్లు చెబితే చాలదూ?"

సిలార్ కొత్త వరస ఎక్కించి, అందులో ఒక నంబరు వేలం మిషనుకి కట్టాడు. వేలం తలుపు ఒక్కటే తెరిచి మిగతావన్నీ మూశాడు. శ్రీరామ్ రోడ్డవతల నెట్ సెంటర్‌కెళ్లి, బయటినుంచి వేలం కనపడుతుందేమో చూసి ఫోన్ చేశాడు.

"రావట్లేదండీ."

"అయిపోయావురా సిలారూ," అన్నాడు జానకిరామయ్య, టీ ఊదుకుంటూ.

సిలార్ కంగారు పడలేదు. యార్డులో సరుకు లాటు నంబరు పిలిస్తే గుమస్తా పలకాలి. పలక్కపోతే వ్యాపారి పక్క లాటుకి పోతాడు. లైను కంపెనీ మిషను 'ఈ నంబరు ఎవరిది?' అని కేకేస్తుంటే, మన పెట్టె పాత వరసకే పలుకుతోంది, కొత్తదానికి నోరు మూసుకుంది. రెండో వరస పిలిచినా పలకమని నాలుగు ముక్కలు రాశాడు.

తొమ్మిదీ నలభైకి ఫోన్ మోగింది. "వచ్చిందండీ! బొమ్మలతో సహా వచ్చింది!"

పదింటికి వేలం గంట కొట్టినట్టు నడిచింది. సిలార్ మేనేజరు గదిలోకెళ్లి బేరం గుర్తుచేశాడు.

"ఏ బేరం? ఏ గుమస్తా రాశాడు?"

"మీ వేళ్లు నా చేతిలో ఉన్నాయి గదండీ!"

"నా వేళ్లు నా దగ్గరే ఉన్నాయయ్యా, లెక్కపెట్టుకో. మెయింటెనెన్సు మావాడు చూసుకుంటాళ్లే."

"అయితే నా పెట్టె పీక్కుపోతా."

"పీకు. వేలం బోర్డు మీద రైతుల సరుకుంది. వాళ్లకి నువ్వే చెప్పుకో."

సిలార్ పెట్టె దాకా వెళ్లాడు. కిటికీ అవతల రైతులు ధర కోసం మెడలు చాచి బోర్డు చూస్తున్నారు. వైరు మీద వేసిన చెయ్యి తీసేశాడు.

ఉగాది వెళ్లిన మర్నాడు షావుకారు మనుషులు కనిగిరి పొలంలో హద్దురాళ్లు పాతారు. పోయింది ఎకరం పద్దెనిమిది సెంట్ల మెట్ట.