ఎర్రగుడ్డ ముడి

నా షెడ్డులో ఒకటే రూలు. బండి కిందికి దూరేముందు స్టీరింగుకి ఎర్రగుడ్డ కడతాను. ఆ గుడ్డ విప్పాల్సింది కట్టిన చెయ్యే. ఇంకెవరూ ముట్టుకోకూడదు. బండి ఓనరైనా అంతే, ఓనరు మామగారైనా అంతే.

ఈ రూలు నేను పుట్టించింది కాదు. మా నాన్న జోగయ్య ఈ రాయ్‌పూర్‌లోనే ముప్పయ్యారేళ్లు రైల్వే వ్యాగన్లు బాగుచేశాడు. వ్యాగను కింద మనిషి ఉన్నాడని తెలియడానికి అక్కడ ఎర్రజెండా పెడతారు. పెట్టినవాడు బయటికొచ్చి తన చేత్తో తీస్తేనే వ్యాగను కదలాలి. రిటైరయ్యాక నాన్న భన్‌పురిలో ఈ షెడ్డు అద్దెకి తీసుకుని కార్ల బ్రేకుల పని మొదలెట్టాడు. జెండా కాస్తా గుడ్డ అయింది గానీ రూలు మారలేదు. నేను పని నేర్చుకునే కొత్తలో ఓసారి చేతికి గ్రీజు అంటిందని నాన్న కట్టిన గుడ్డ విప్పి తుడుచుకున్నాను. చెంప ఛెళ్లుమంది. నాన్న నన్ను జన్మలో కొట్టింది ఆ ఒక్కసారే.

నా పేరు త్రివేణి. నాన్నకి మోకాళ్లు అరిగాక షెడ్డు నేనే నడుపుతున్నాను. ఆయన గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని నా పనికి వంకలు పెడుతుంటాడు. ఇంజను పనికొచ్చిన వాళ్లకి పక్కసందు చూపిస్తాను. ఆడదానివి నీకు బ్రేకులేం తెలుసని అడిగిన వాళ్లకి మాత్రం గేటు చూపిస్తాను.

మొన్న జూలైలో, వానలు పట్టుకున్న వారం, పొద్దున్న తొమ్మిదిన్నరకి పరదేశి స్కూలు వ్యాను తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. పరదేశి ఆ వ్యాను డ్రైవరు. పదకొండుమంది పిల్లల్ని రోజూ భన్‌పురి నుంచి శంకర్ నగర్ బడికి తీసుకెళ్లి తీసుకొస్తాడు.

"అక్కా, బ్రేకు తొక్కితే బండి కుడిపక్కకి లాగేత్తంది" అన్నాడు దిగుతూనే. "బాబుకి సెప్పినాను. స్టీరింగు గట్టిగా పట్టుకోరా అన్నాడు. ఇప్పుడు బడోళ్లు కాయితం అడిగినారంట. బ్రేకులు బాగున్నాయని మిస్త్రీ సంతకం కావాల. పన్నెండులోగా ఇయ్యాల."

బాబంటే అమ్మిరాజు బాబాయ్, వ్యాను ఓనరు. మాకు చుట్టం కాదు గానీ ఇక్కడి తెలుగువాళ్లందరికీ ఆయన బాబాయే. మా సంఘానికి కార్యదర్శి. వినాయకచవితి పందిరి దగ్గర్నుంచి శవానికి పాడె కట్టడం దాకా ఆయన చెయ్యి పడాల్సిందే. మా అమ్మ పోయినప్పుడు కూడా పడింది, ఆ మాట నేను మర్చిపోలేదు. అన్నిటికీ మించి, నా షెడ్డు ఆయనది.

స్టీరింగుకి గుడ్డ కట్టాను. ముందు ఎడమపక్క జాకీ పెట్టి లేపి, చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి, పరదేశిని బ్రేకు తొక్కమన్నాను.

"తొక్కినానక్కా."

"గట్టిగా తొక్కరా."

"ఇంకేటి తొక్కీది, పెడలు రాయిలాగుంది!"

చక్రం మాత్రం జాతరలో రంగులరాట్నంలా తిరుగుతూనే ఉంది. నాన్న స్టూలు మీంచి మెడ సాచి చూశాడు. నేను చక్రం ఊడదీసి, బ్రేకు పైపు జాయింటు విప్పాను. లోపల శనగగింజంత ఇనపగుండు కూర్చుని ఉంది. సైకిలు చక్రంలో వేసే గుండు.

ఎవడో మహానుభావుడి పనితనం అది. ఆ చక్రం దగ్గర బ్రేకాయిలు కారుతోంది. కారే చోట బాగుచెయ్యకుండా పైపులో గుండు పెట్టి బిగించేశాడు. ఆయిలు అటు పోదు కాబట్టి కారదు. పెడలు గట్టిగా ఉంటుంది, తొక్కినవాడికి బ్రేకు బ్రహ్మాండంగా ఉన్నట్టే ఉంటుంది. కానీ మూడు చక్రాలు ఆగుతాయి, నాలుగోది పోతూనే ఉంటుంది, బండి అడ్డం తిరుగుతుంది. వానలో, బిలాస్‌పూర్ రోడ్డు మీద, లారీల మధ్యన, పదకొండుమంది పిల్లలతో. నాకు ఒళ్లు మండిపోయింది.

పదిన్నరకి అమ్మిరాజు బాబాయ్ స్కూటరు మీద వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో బడివాళ్ల కాగితం, టైపు చేసి సిద్ధంగా ఉంది. నా సంతకం, ముద్ర పడడమే తరువాయి.

"అయిపోనాదా అమ్మీ?"

"లేదు బాబాయ్. సామాను తెప్పించాలి, వెయ్యాలి, పైపుల్లో గాలి తియ్యాలి, నడిపి చూడాలి. నాలుగవుతుంది."

"నాలుగేటి? ఒంటిగంటకి పిల్లలు బడి నుంచి బయటికొచ్చేత్తారు. పన్నెండుకి కాయితం అందాల, నేదంటే నా వ్యాను మానిపించేసి ఇంకోడిది పెట్టుకుంటారు. నువ్వు సంతకం పెట్టీ. సాయంత్రం తీరిగ్గా సేసుకో. ఈ పూటకి నడిచిపోద్ది. చల్ జాయేగా."

నేను గుండు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "ఇది పెట్టినవాడు కూడా చల్ జాయేగా అనే పెట్టాడు బాబాయ్."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాపం, ఆయనకి నిజంగానే తెలియదు. తెలిశాక మాత్రం తెలియనట్టే ఉందామనుకున్నాడు, అక్కడే నాకు తిక్క రేగింది.

"మిగతా మూడు సక్రాలు ఆగుతున్నాయి గదా" అన్నాడు.

"అయితే నాలుగో వంతు పిల్లల్ని ఇంటి దగ్గరే దింపేసి రా."

"ఎటకారమా? కన్నోళ్లకి నేని బాధ నీకేటి? కందకి నేని దురద కత్తిపీటకెందుకు?"

"కన్నోళ్లకి తెలిస్తే కదా బాధ. నంబర్లియ్యి, నేనే ఫోన్ చేసి చెప్తాను."

ఆయన మొహం ఎర్రబడింది. పక్కనే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. అరుగు మీద కూర్చున్న లారీ డ్రైవర్లు బీడీలు పక్కనపెట్టి మరీ చూస్తున్నారు. వాళ్లకి తెలుగు రాదు గానీ తగువు ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది.

"ఈ షెడ్డు ఎవలిదో గురుతుందా?" అన్నాడు బాబాయ్, గొంతు తగ్గించి. "సంతకం పెట్టకపోతే నెలాఖరుకి ఖాళీ సేసియ్యాల. నా తాళం నానేసుకుంటాను."

అబద్ధమెందుకు, నాకు భయమేసింది. పద్నాలుగేళ్ల షెడ్డు. భన్‌పురి అంతా తిరిగినా ఆడ మిస్త్రీకి షెడ్డిచ్చేవాడు ఇంకొకడు లేడు, నేను తిరిగి చూసినదాన్నే. ఇది పోతే నేనూ, నాన్నా, నా పానాలూ రెంచీలూ వీధిలోనే. ఒక్క సంతకం. పెన్ను ఆయనే ఇస్తానంటున్నాడు.

"పెట్టను" అన్నాను.

నా దగ్గర పని కాదని ఆయన నాన్న వైపు తిరిగాడు. "జోగయ్యన్నా, నువ్వయినా సెప్పు. వదిన పోయినపుడు మీ గుమ్మంలో తెల్లార్లూ కూసున్నది ఎవలు? ఇయేల నా నోటికాడ కూడు పోతుంటే నీ కూతురు ఆట సూస్తంది."

నాన్నకి మొహమాటం జాస్తి. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది, నా నోటితో చెప్పను. ఆయన స్టూలు మీంచి లేచాడు. మోకాళ్లు పట్టుకుంటూ వ్యాను దగ్గరికి నడిచి, తలుపులోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. వేళ్లు ముడి మీద పడ్డాయి.

"నాన్నా" అన్నాను. "ఆ గుడ్డ నువ్వు కట్టావా?"

చెయ్యి ఆగిపోయింది. నాన్న నా మొహంలోకి చూడలేదు. ఆనాటి చెంపదెబ్బ నా మాటై ఆయనకి తిరిగొచ్చిందని నాకనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

నాన్న చెయ్యి బయటికి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. "నాను కట్నేదు తమ్ముడా" అన్నాడు అమ్మిరాజు బాబాయ్‌తో. "నాను ఇప్పకూడదు." వచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"ఒరే పరదేశీ, నువ్వు ఇప్పు" అని కేకేశాడు బాబాయ్. పరదేశి రెండడుగులు వెనక్కేసి, "నానూ కట్నేదు బాబూ" అన్నాడు.

"అయితే నానే ఇప్పుతాను. నా బండి, నా ఇష్టం!"

"విప్పు బాబాయ్" అన్నాను. "చక్రం బిగించి, నీ గుండు నీ పైపులో పెట్టి, వచ్చినదాన్ని వచ్చినట్టే ఇస్తాను. కానీ విప్పినవాడే తోలాలి. పరదేశిని ఎక్కించకు. అదిగో, గేటుకి ఇవతల సున్నంతో గీసిన గీత. ఆ గీత మీద తిన్నగా ఆపి చూపించు, నేనే సంతకం పెడతాను, ముద్ర కూడా గుద్దుతాను."

ప్రతి బండినీ నేను ఆ గీత మీదే ఆపి చూస్తాను. గీతకి కుడిపక్కన గోడకి ఆనించి పాత లారీ టైర్లు పేర్చి ఉంటాయి. గోడ కోసం కాదు, బండి కోసం.

గుండు పైపులో పెట్టి బిగించాను. చక్రం ఎక్కించాను. ఒక్క నట్టు కూడా వదులుగా వదల్లేదు. బాబాయ్ గుడ్డ ముడి లాగి, విప్పి, పక్క సీటులో పడేశాడు. పరదేశి గేటు మూసి, చూసేవాళ్లందరినీ ఎడమపక్కకి తోశాడు.

వ్యాను షెడ్డు చివర్నుంచి బయల్దేరింది. నేల తడిగా ఉంది. నేను నాన్న భుజం పట్టుకున్నాను. బాబాయ్ తిన్నగా ఆపేస్తే నేను సంతకం పెట్టాలి, అదొక భయం. ఆపలేకపోతే ఆయనకేమవుతుందో, అదొక భయం. గీత దగ్గర బాబాయ్ కోపం కొద్దీ గట్టిగా తొక్కాడు. వ్యాను గిరుక్కున కుడికి తిరిగి, గీతని వదిలేసి, టైర్లలోకి మూతి దూర్చేసింది. పై టైరు ఒకటి దొర్లి వచ్చి అద్దం మీద పడింది. కుడి లైటు పగిలింది.

లారీ డ్రైవర్లు పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు, పరుగెత్తాను. బాబాయ్‌కి దెబ్బేమీ తగల్లేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి తిరిగి ఖాళీ సీట్లు చూశాడు. వెనక సీటు కింద ఎవరో పిల్లదాని నీళ్లసీసా దొర్లుతోంది. అది ఆగేదాకా చూశాడు.

నాన్న కుంటుకుంటూ వచ్చి, పక్క సీటులోంచి గుడ్డ తీసి ఆయన చేతికిచ్చాడు. "కట్టు" అన్నాడు.

బాబాయ్ స్టీరింగుకి గుడ్డ కట్టాడు. గట్టిగా, రెండు ముళ్లేసి కట్టాడు. దిగి, బడివాళ్లకి ఫోన్ చేసి, కాగితం సాయంత్రం తెస్తానన్నాడు, పిల్లలకి ఆటోలు మాట్లాడమని పరదేశిని పంపాడు. నావైపు చూడకుండా స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

నాలుగింటికి పనయింది. పరదేశి బండికోసం వచ్చాడు.

"నీతో కాదు" అన్నాను. "ముడి మీ బాబుది. ఆయనే రావాలి."

"ఆల్రెడీ కోపం మీదున్నాడక్కా."

"నేనూ ఉన్నాను."

బాబాయ్ వచ్చాడు. నాలుగు చక్రాలూ ఒక్కొక్కటే లేపి తిప్పాను, ఆయన చేత తొక్కించాను. ఒక్కొక్కటీ తొక్కిన చోటే ఆగింది. ముడి విప్పుకున్నాడు. తోలుకుంటూ వెళ్లి గీత మీద ఆపాడు. తిన్నగా, బెత్తెడు కూడా అటూ ఇటూ పోకుండా ఆగింది. నేను అక్కడే బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను, ముద్ర గుద్దాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ ఆయన అన్నాడు: "బ్రేకు బాగుంది. మాట మాటే. లారీలోళ్ల ముందర నన్ను నవ్వులపాలు సేసినావు. నెలాఖరుకి షెడ్డు ఖాళీ."

అదీ మా బాబాయ్. నేను ఏడుస్తాననో బతిమాలతాననో చూస్తున్నాడు. నేను మర్నాటి పనికి పానాలు సర్దుకున్నాను.

నెలలో మిగిలిన రోజులన్నీ నాన్న నా పనికి ఒక్క వంకా పెట్టలేదు. నా పని మాత్రం నేను ఆపలేదు. ముప్పయ్యొకటో తారీఖు పొద్దున్నే షెడ్డు సగం షట్టరు దించి, హ్యాండిలుకి కొత్త ఎర్రగుడ్డ కట్టాను. నా చేత్తో, రెండు ముళ్లు. నాన్న కళ్లజోడు సవరించుకుని ముడి పరీక్షగా చూశాడు. "వదులుగుంది" అన్నాడు. ఇంకోటి వేశాను.

పదింటికి బాబాయ్ తాళంకప్ప పట్టుకుని వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు. షట్టరు దించాలంటే హ్యాండిలు పట్టుకోవాలి, హ్యాండిలు మీద గుడ్డ ఉంది. ఆయన చెయ్యి అక్కడిదాకా వెళ్లి గాల్లోనే ఆగింది. అరుగు మీద లారీ డ్రైవర్లు మళ్లీ బీడీలు పక్కనపెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఎవలు కట్టినారు?" అన్నాడు.

"నేనే" అన్నాను, ఒక జీపు కిందనుంచి.

నాకు కింద నుంచి ఆయన చెప్పులే కనిపిస్తున్నాయి. చెప్పులు ఒకసారి వెనక మనుషుల వైపు తిరిగాయి, మళ్లీ షట్టరు వైపు తిరిగాయి. తర్వాత తాళంకప్ప జేబులో పడిన చప్పుడు వినబడింది.

"పని ఎపుడవుద్ది?" అని అడిగాడు.

"అవదు బాబాయ్" అన్నాను.