నలభై అయిదు మంది చూసిన ఒక్కరు

మునికుమార్ సారు దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలకు రెండు విషయాలు జన్మలో మరుపు రావు. ఒకటి వర్గసమీకరణాలు, రెండోది చింతబరికె. పలమనేరు దగ్గరి ఆ హైస్కూల్లో పన్నెండేళ్లుగా ఆయనే లెక్కల మాస్టరు. లెక్క తప్పినవాడి పిక్కల మీద బరికె ఆడించడం ఆయనకు సుద్దముక్క పట్టుకున్నంత మామూలు పని.

కన్నకూతురు రూపశ్రీ పదో తరగతిలో ఆయన దగ్గరే చదువుతోంది. ఆ పిల్లకు వేరే నియమం. పరీక్షలో నూటికి ఎన్ని మార్కులు తగ్గితే, బడి గోడను ఆనుకునే ఉన్న ఇంటికి పోయాక అన్ని దెబ్బలు. ఎనభై ఎనిమిది వస్తే పన్నెండు, డెబ్బై తొమ్మిది వస్తే ఇరవై ఒకటి. దెబ్బ దెబ్బకూ రూపశ్రీయే అంకె చెప్పాలి. నొప్పికి అంకె తప్పితే మళ్లీ ఒకటి నుంచి. అడ్డం వచ్చినందుకు ఓసారి భార్య నిర్మలమ్మకూ రెండు తగిలాయి, ఆ తర్వాత ఆమె వంటింట్లోనే ఉండిపోయేది. దీన్ని ఆయన కొట్టడం అనుకోలేదు, చదువు చెప్పడం అనుకున్నాడు. ఆయన దృష్టిలో పిల్లల్ని కొట్టేవాళ్లు తాగుబోతులు, చదువులేని మొరటోళ్లు.

రెండు వేల ఒకటో సంవత్సరం, మూడు నెలల పరీక్షలు అయిపోయిన రోజుల్లో చిత్తూరు నుంచి ఒక సేవాసంస్థవాళ్లు వచ్చి పదో తరగతి పిల్లలకు తలా ఒక కాగితం పంచారు. పేరు రాయనక్కర్లేదు. మీ తోటి పిల్లల్లో మీరు చూస్తున్న సమస్యలేవి అని పైన పెద్ద అక్షరాలు. కింద గుట్కా, సినిమాల పిచ్చి, కాపీ కొట్టడం, ప్రేమలు, ఇంట్లో దెబ్బలు, ఇలా ఎనిమిది వరుసలు. చూసినదానికి టిక్కు పెట్టి, ఎంతమందిలో చూశారో పక్క గడిలో రాయాలి. లెక్కలు తీసి, అర్థం విడమరిచి రాసి పంపే బాధ్యతను మునికుమార్ సారుకే అప్పగించాడు హెడ్మాస్టరు. లెక్క అనే మాట వింటే చాలు, ఆయన మరొకరిని తాకనివ్వడు కదా.

ఆదివారం పొద్దున నలభై ఆరు కాగితాలూ ముందేసుకుని వరండాలో కూర్చున్నాడు. ఆయన చదువుతుంటే రూపశ్రీ గీతలు పెట్టాలి. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. గుట్కాకు పందొమ్మిది గీతలు పడ్డాయి, కాపీకి ముప్పై ఒకటి. ఇంట్లో దెబ్బల వరుస మాత్రం ఆగకుండా సాగింది. ఆయన ఒక్కో కాగితం తిప్పడం, ఇంట్లో దెబ్బలు అనడం, ఆ పిల్ల తల వంచుకుని గీత పెట్టడం. ఇరవై దాటేసరికి గీతలు వెంట్రుకల్లా సన్నబడ్డాయి. ఏం కనిపిస్తుందని ఇట్లా గీస్తావు అని చెక్క స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టాడు. చూపుడువేలి చర్మం చిట్లింది. రూపశ్రీ ఆ వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో పెన్సిలు నొక్కి మిగతా గీతలు పెట్టింది. మొత్తం నలభై అయిదు. ఒక్క కాగితం మాత్రం ఏ టిక్కూ లేకుండా ఖాళీగా వచ్చింది. ఎవడో మొద్దు వెధవ అని ఆయన దాన్ని అడుగున పడేశాడు.

సోమవారం హెడ్మాస్టరు ఆ లెక్క చూసి గాభరా పడ్డాడు. నూటికి తొంభై ఎనిమిది మంది పిల్లలు ఇళ్లలో దెబ్బలు తింటున్నారని పంపితే ఊరి పరువు ఏం కావాలి అన్నాడు. మునికుమార్ సారు నవ్వాడు. అసలు సంగతి ఆయన రాత్రే పట్టుకున్నాడు. పక్క గడి చూడండి అన్నాడు. గుట్కాకు ఒకరు ముగ్గురని రాశారు, ఇంకొకరు ఏడుగురని రాశారు. దెబ్బల దగ్గర మాత్రం నలభై అయిదు మందీ ఒకే మాట రాశారు: ఒకరు. అంటే దెబ్బలు తినేది నలభై అయిదు మంది కాదు, నలభై అయిదు మందికీ కనిపిస్తున్న ఒక్కరు. మరి ఆ ఖాళీ కాగితం ఎవరిది? ఆ ఒక్కరిదే. తన సంగతి తోటివాళ్ల సంగతిగా ఎట్లా రాస్తారు?

స్టాఫ్ రూములో అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. లెక్కంటే అదీ అని ఆయన మీసం సవరించుకున్నాడు. డ్రిల్లు మాస్టరు హరినాథ్ మాత్రం చేతిలో విజిలుతాడు మెలిపెడుతూ కూర్చున్నాడు.

ఆ ఒక్కరు ఎవరో కనుక్కోవడానికి ఆయనకు అరగంట కూడా పట్టలేదు. నందిని. రూపశ్రీ పక్కనే కూర్చునే పిల్ల. కనుబొమ్మ మీద మూడు కుట్ల మచ్చ ఉంది. వాళ్ల నాయన గురప్ప పాలకేంద్రంలో క్యాన్లు ఎత్తుతాడు, జీతం వచ్చిన రోజు తాగుతాడు. ఇంకేం కావాలి? కుట్లు ఎట్లా పడ్డాయని పిలిచి అడిగితే, పాలక్యాను మూత జారి పడిందని చెప్పింది. భయపడి అబద్ధమాడుతోంది అనుకున్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, అందులో నటన లేదు. ఇంత లేత పిల్లను ఏ చేతులతో కొట్టాడురా వీడు అని రక్తం ఉడికిపోయింది.

సాయంత్రం బడి వదలగానే చింతబరికె తీసుకుని, హరినాథ్‌ను వెంటబెట్టుకుని పాలకేంద్రానికి పోయాడు. ఎందుకులే సార్, ఒకసారి ఆలోచించండి అని హరినాథ్ దారిలో రెండుసార్లు గొణిగాడు. ఆయన వినలేదు.

సాయంత్రం పాలు పోసే వేళ. డెబ్బై ఎనభై మంది వరుసలో ఉన్నారు. గురప్ప నిండు క్యాను భుజానికెత్తుకుని వ్యాను దగ్గరికి నడుస్తున్నాడు. మునికుమార్ సారు ఏమీ అడగలేదు. వెనక నుంచి పిక్కల మీద బరికె దించాడు. క్యాను పడి పాలు నేల మీద పారాయి. గురప్ప తిరిగి చూసేలోపు రెండోది మొహం మీద పడింది, చెవి తమ్మె చీలి రక్తం మెడ మీదికి కారింది.

"ఏం జేసినాను సారూ," అని అడిగాడు గురప్ప. చేతులు అడ్డం పెట్టుకున్నాడే గాని ఎత్తలేదు. బిడ్డకు చదువు చెప్పే మనిషి మీద చెయ్యి ఎట్లా ఎత్తుతాడు?

బిడ్డను చంపుకుతింటున్నాడని సారు అందరికీ వినబడేలా చెప్పాడు. బడిపిల్లలంతా సాక్ష్యం రాసిచ్చారని చెప్పాడు. ఆ మాటతో వరుసలో ఉన్నవాళ్లకూ పూనకం వచ్చింది. ఒకడు గురప్ప జుట్టు పట్టుకుని మోకాళ్ల మీద కూలదోశాడు. ఇంకొకడు డొక్కలో తన్నాడు. క్యాను మూత తీసుకుని ఎవడో వీపు మీద బాదాడు, ఆ చప్పుడు రోడ్డు దాకా వినిపించింది. సారు కొడుతూనే ఉన్నాడు, అలవాటు కొద్దీ అంకెలు లెక్కపెడుతూ. పద్నాలుగు, పదిహేను. గురప్ప పాలూ రక్తమూ కలిసిన బురదలో బోర్లా పడి, నోట్లోంచి ఊడిన పన్ను అరచేతిలో పట్టుకుని, దాన్నే చూస్తూ ఉన్నాడు.

కబురు తెలిసి నందిని ఎవరి సైకిలు వెనకో కూర్చుని వచ్చింది. దిగడంతోనే పరిగెత్తుకొచ్చి నాయన మీద అడ్డంగా పడింది. పదహారోది ఆ పిల్ల వీపుకు తగిలింది. అప్పుడు గాని సారు చెయ్యి ఆగలేదు. నీ కోసమే కొడుతున్నాను, భయపడొద్దు, లే అన్నాడు.

నందిని లేచింది. ఏడవలేదు.

"మా నాయన తాగుతాడు సార్. అయినా నా ఒంటి మీద ఒక్కనాడూ సెయ్యి ఎయ్యలేదు. ఆ కాగితంలో ఒకరు అని నేను రాసింది మీ రూపశ్రీని. అందరం రాసింది ఆ పిల్లనే. సాయంత్రం ఆటలయినాక మీ ఇంటి గోడకాడ నీళ్లు తాగేటప్పుడు అంకెలు ఇనపడతాయి సార్ మాకు."

క్యాను మూత పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా కింద పెట్టాడు. సారు హరినాథ్ వైపు చూశాడు. హరినాథ్ తల దించుకున్నాడు. అతనికీ తెలుసు. ఆ లెక్కన స్టాఫ్ రూములో అందరికీ తెలుసేమో. నలుగురు పాలవాళ్లు గురప్పను లేపి వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. సారు దారి ఎవరూ అడ్డగించలేదు. అందరూ ఆయన చేతిలోని బరికె వైపే చూశారు.

ఇంటికి నడిచే దారిలో ఆయనకు మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు, ఒళ్లు తెలియని కోపం. ఊరి ముందర బట్టలూడదీసినట్టయింది. నోరు మూసుకుని ఉండకుండా రూపశ్రీ అంత గట్టిగా అంకెలు చెప్పడమెందుకు? చెప్పకపోతే మళ్లీ మొదటి నుంచి కొట్టేది తానేనని ఆ తర్వాత గుర్తొచ్చింది. ఒక కల్వర్టు గోడ మీద కాసేపు కూర్చున్నాడు. చదువు చెప్పాను, చదువు చెప్పాను అని లోపల ఎంత గింజుకున్నా నలభై అయిదు గీతలు కళ్ల ముందు నుంచి పోలేదు. అవన్నీ ఎవరి చేత పెట్టించాడు తాను? గోడ అవతలికి వంగి వాంతి చేసుకున్నాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. రూపశ్రీ వరండాలో చదువుకుంటోంది. నాయన చొక్కా మీద రక్తం చూసింది, చేతిలో బరికె చూసింది. ఎందుకని అడగలేదు. పుస్తకం మూసి లేచి నిలబడి, మట్టిగాజులు ఒక్కొక్కటే తీసి కిటికీలో పెట్టింది. కుడిచేతివి ఆరు, ఎడమచేతివి ఆరు. చిట్లిన వేలి దగ్గర గాజు తట్టుకుంటే పళ్లు బిగబట్టి లాగింది. తర్వాత గోడ వైపు తిరిగి, పావడా మోకాళ్ల దాకా పైకి పట్టుకుంది.

ఆయన కొట్టిన ప్రతిసారీ ఆ పిల్ల ఇట్లానే చేసి ఉండాలి. ఆయన ఎన్నడూ చూడలేదు.

"గాజులేంటికి తీస్తావు?" అని అడిగాడు.

"పగిలి గుచ్చుకుంటాయి నాయనా. అమ్మకు ఊడ్సేది కష్టం."

బరికె వీధిలోకి విసిరేశాడు. అది పడిన చప్పుడుకు ఆ పిల్ల భుజాలు అదిరాయి గాని, వెనక్కి తిరగలేదు.

"కొట్టను. ఇంక ఎప్పుడూ కొట్టను. గాజులు ఏసుకోమ్మా."

రూపశ్రీ గోడనే చూస్తూ, పావడా ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"అయిపోయినాక ఏసుకుంటా నాయనా," అంది.