‘ప్రొ॥’ తరువాతి పేరు

నేను ఒక రేకు బోర్డును. రామచంద్రపురంలో, బస్టాండు ఎదుటి సందులో, ఒక కర్రీ పాయింటు నుదుట తొమ్మిదేళ్లు వేలాడాను. ఇప్పుడు పాత ఇనుము కొట్టులో గోడకు ఆనుకొని ఉన్నాను. నాకు కోపంగా ఉంది. తుప్పు పట్టినందుకు కాదు. తుప్పు రేకుకు సహజం. ఒక అబద్ధాన్ని అన్నేళ్లపాటు ఊరంతటికీ చదివించినందుకు.

నన్ను రాసినవాడు పెయింటర్ సత్తార్. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో ‘తల్లిచేతి కర్రీ పాయింట్’ అని రాసి, కింద ‘ప్రొ॥’ అని పెట్టి, కుంచె ఆపాడు.

“ప్రొప్రైటర్ పేరు ఏం రాయమంటారండీ?”

అడిగింది మంగతాయారును. ఇంటి వరండాలో ఆరు నెలలు కూరలు వండి అమ్మి, ఇక చోటు చాలక ఈ గదిని వెతికి మాట్లాడుకున్నది ఆమె. ఆమె భర్త పేర్రాజు, రైసుమిల్లు మూతపడిన నాటి నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు.

“మావారి పేరు రాయండి. నలుగురిలో చిన్నబోకుండా ఉంటారు.”

సత్తార్ నవ్వాడు. “గరిటె మీది, పేరు ఆయనదా అమ్మగారూ?”

“మొదటి ముద్ద ఆయనకే కదండీ పెడతాం. ఇదీ అంతే.”

తప్పు అక్కడ జరిగింది. పేరు కూడా ఒక వడ్డన అని ఆమె అనుకుంది. వడ్డించినది తింటే అయిపోతుంది. రాసిన పేరు అయిపోదు. లైసెన్సు కోసం వెళితే మున్సిపాలిటీ గుమస్తా బోర్డు మీద ఉన్న పేరే రాసుకున్నాడు. గది అగ్రిమెంటులోకీ అదే పేరు ఎక్కింది. మర్యాద హక్కుగా మారడానికి రెండు కాగితాలు చాలాయి.

వ్యాపారం అంటే ఏమిటో నేను ఆమెను చూసి తెలుసుకున్నాను. ఏమి వండాలన్నది అందరూ ఆలోచిస్తారు. ఏమి వండకూడదో ఆమె ఆలోచించేది. మిగిలిన కూర గిన్నె మూత తీసి, ఎందుకు మిగిలిందో దాన్నే అడుగుతున్నట్టు చూసేది. కార్తీక మాసం వస్తుందనగానే ఉల్లి, వెల్లుల్లి లేని గిన్నెలు రెండు వేరుగా పెట్టింది; పక్క సందులోని కొట్టుకు ఆ ఆలోచన రావడానికి మరో ఏడాది పట్టింది. నిన్నటి పప్పును నేడు ఎవరికీ పోయలేదు. బాగుందన్నవారికి నవ్వు ఇచ్చేది, బాగులేదన్నవారిని కూర్చోబెట్టి కారణం అడిగేది. నష్టం వస్తే తనది అనుకునేది. యజమాని అన్న మాటకు ఇంతకంటే అర్థం ఉంటే నాకు తెలియదు.

పేర్రాజు ఇస్త్రీ చొక్కాతో నా కింద కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. వచ్చినవారు తలెత్తి నన్ను చదివి, “పేర్రాజుగారి పులుసు అమృతమండీ!” అనేవారు. ఆయన వినయంగా తల వంచేవాడు. తను ముట్టని పులుసుకు అంత చక్కగా వినయపడిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఒక ఉదయం కాకినాడ నుంచి భాస్కరం అనే హోటలు ఆసామి వచ్చి టేపు పెట్టి గుమ్మం కొలవసాగాడు. మంగతాయారు పనసపొట్టు కూర కలుపుతోంది.

“ఏంటండీ కొలుస్తున్నారు?”

పేర్రాజు గొంతు సవరించుకున్నాడు. “భాస్కరంగారు మన కొట్టు తీసుకుంటున్నారు తాయారూ. సంతకం అయిపోయింది.”

“ఎవరి సంతకం?”

“ఎవరిదేంటే? వంట నీది, వ్యాపారం నాది. బోర్డు చదువుకో.”

ఆయన వేలు నా మీదికి లేచింది. నన్ను సాక్షిగా పిలిచారు. నేను అబద్ధసాక్ష్యం చెప్పాను. నా కోపంలో సగం ఆయన మీద, సగం నా మీద.

భాస్కరం నచ్చజెప్పబోయాడు. “మీకేం లోటుండదమ్మా. జీతానికి ఇక్కడే వండుకోండి.”

“పనసపొట్టులో ఆవ ఎప్పుడు కలపాలో ఆ కాగితంలో రాసిచ్చారాండీ?”

ఆమె పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కొని, గుమ్మం దిగింది.

“అదేంటి తాయారూ, మధ్యాహ్నానికి జనం వస్తారు!”

“బోర్డు మీదున్న పేరును వండమనండి.”

తరువాత భాస్కరం కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. నేను తూకానికి పోయి ఇక్కడికి చేరాను.

నిన్న ఆమె ఈ కొట్టుకు వచ్చింది.

“మార్కెట్టు దగ్గర గది తీసుకున్నాను సింహాచలంగారూ. లైసెన్సు నా పేరునే వచ్చింది. బోర్డుకి రేకు కావాలి.”

కొట్టు యజమాని సింహాచలం నన్ను బయటికి లాగాడు. “మీ పాత బోర్డు ఉంది కదమ్మా! ఆ పేరు గీకేసి మీ పేరు రాయించుకోండి. నాలుగు రోజుల్లో కొత్తదై కూర్చుంటుంది.”

ఆమె నన్ను మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. గీకమంటుందని ఆశపడ్డాను. ఎంత లోతుగా గీకినా ఓర్చుకునేవాడిని.

“ఇది నాది కాదండీ. కింద పేరుంది చూడండి. ఆ వట్టి రేకు ఇవ్వండి.”

రేకు చంకన పెట్టుకొని వెళ్లిపోయింది. ఒక్కసారి పిలవాలనిపించింది. నాకున్న అక్షరాలలో ఆమె పేరు లేదు.