బీరువా తలుపు

పొద్దున్నే సంచి భుజాన వేసుకుని ఆ వీధిలో ఇల్లిల్లూ తిరగడం సర్వే ఆవిడ పని. వీధి మీదుగా పెద్ద వంతెన రాబోతోంది. ఇళ్లన్నీ కొట్టేస్తారు. లాటరీ తీసి ఒక్కో కుటుంబానికి ఊరి చివర ఎక్కడో ఒకచోట ఫ్లాటు ఇస్తారు. దానివల్ల ఎవరికేం కష్టమో ఆవిడ కనుక్కుని పైవాళ్లకి చెప్పాలి.

ఆ వీధిలో తలుపులు అవసరాన్నిబట్టి తెరుచుకునేవి. చక్కెర నిండుకున్న ఇల్లాలు వంటింటి అలమర తీస్తే అవతల ఎదురింటివాళ్ల పొయ్యి కనిపించేది. “ఇప్పుడే తుడిచాను, తడి ఆరనీ వదినా!” అనేవాళ్లు, అంతే.

ఆ రోజు టైలరమ్మ వంతు. నెలలు నిండిన మనిషి, మొగుడు లారీతో ఎక్కడో దూరాన ఉన్నాడు.

“ఇక్కణ్ణుంచి వెళ్తే నీకేం ఇబ్బందమ్మా?”

జవాబుకి బదులు కేక వచ్చింది. నొప్పులు! సర్వే ఆవిడ గబగబా ఫోను తీసింది. వీధి మొదట్లో వంతెన కోసం గొయ్యి తవ్వేశారు, అంబులెన్సు లోపలికి రాదు.

“ఫోను తర్వాత అక్కా! ముందు ఆ బీరువా తియ్యండి!”

తీసింది. చీరల వెనక పురుళ్లు పోసే మామ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. “ఇంతసేపా? నీళ్లు మరిగిపోతున్నాయి, రండి రండి!”

ఇక చూడాలి సందడి! కిటికీలోంచి ఒకరు, గూట్లోంచి ఒకరు, దుప్పట్లతో, దీవెనలతో మామ్మ ఇంట్లోకి దూకారు. కాసేపటికి ఆడపిల్ల వీధి అదిరేలా ఏడ్చింది. సర్వే ఆవిడ ఏడుస్తూ నవ్వింది.

అదే ఊపులో ఆఫీసుకి పరుగెత్తి అధికారి ముందు నిలబడింది. “లాటరీ వద్దు సార్. వీళ్లని విడదీస్తే ప్రాణాలు పోతాయి!” అంటూ జరిగిందంతా చెప్పింది.

“బీరువాలోంచి మీరిద్దరూ పట్టారా?” అడిగాడాయన.

“కాస్త పక్కకి తిరిగి దూరాం సార్.”

ఆయన లాటరీ ఫైలు మూసేశాడు. “సరే. అందరికీ ఒకటే బిల్డింగు.”

వీధివాళ్ల సామాన్లు కొత్త బిల్డింగుకి మారిన మర్నాడు సర్వే ఆవిడ ఆఫీసుకి బయల్దేరింది. ఊరికి ఈ కొసన ఒంటిగది ఆవిడది. బదిలీ మీద వచ్చిందగ్గర్నుంచి ఆ గడప ఎవరూ తొక్కలేదు. తలుపు తీసేసరికి అవతల టైలరమ్మ కొత్త వంటిల్లు!

“అక్కా, కాస్త పట్టుకోండి, పాలు పొంగుతున్నాయి!” అని పిల్లని చేతుల్లో పెట్టి టైలరమ్మ స్టవ్ దగ్గరికి పరుగెత్తింది.

సర్వే ఆవిడ భుజాన్నున్న సంచి కింద పెట్టేసి లోపలికి నడిచింది.